రెక్క కొనను చదివిన శాస్త్రజ్ఞుడు – లాంచెస్టర్

విశాఖ చేపలరేవుకు పడవలు చేరే వేళ ఆకాశంలో గద్దలు వలయాలుగా తిరుగుతూ ఉంటాయి. రెక్క ఆడించకుండానే గాలిలో తేలుతాయి. వాటి రెక్కల కొనలయందలి ఈకలు వ్రేళ్ళవలె విడివడి, ఒకింత పైకి వంగి ఉంటాయి. మన నగరానికి వచ్చే విమానాలలో కూడా నేడు పెక్కింటికి రెక్క కొనలు పైకి తిరిగి ఉండటం విద్యార్థులు గమనించే ఉంటారు. ఈ కొనల మర్మాన్ని తొలుత గ్రహించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్. ఆ మేధావి జీవితాన్ని సంగ్రహంగా తెలుపదలచాము.

ఆయన 1868 అక్టోబరు 23న లండన్‌లో జన్మించాడు. తండ్రి భవన నిర్మాణ శిల్పి. సౌత్ కెన్సింగ్టన్‌లోని విజ్ఞాన కళాశాలలో చదివాడు గాని పట్టా పుచ్చుకోలేదు. బర్మింగ్‌హాంలో గ్యాస్ ఇంజన్ల కర్మాగారంలో ఉద్యోగిగా చేరాడు. 1892లో అట్లాంటిక్ సముద్రాన్ని దాటుతూ, ఓడ వెంట తేలివచ్చే సీగల్ పక్షులను శ్రద్ధగా పరిశీలించాడు. రెక్క మీది చింతన అప్పుడే ఆయనలో నాటుకొన్నది.

ఎగిరే రెక్క క్రింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొన వద్ద అడ్డు లేదు కనుక క్రింది గాలి పైకి పొర్లి సుడిగా మారుతుంది. ఆ సుడిని పుట్టించే శక్తి ఇంజనుదే. అది వృథా అవుతుంది. రెక్క పొడవైన కొద్దీ ఈ నష్టం తగ్గుతుంది. పొడవు పెంచ వీలులేనప్పుడు కొనకు నిలువు పలకను అమర్చవచ్చునని లాంచెస్టర్ 1897లో పేటెంటు పొందాడు. అప్పటికి రైట్ సోదరుల విమానం ఎగరడానికి ఇంకా ఆరేళ్ళున్నది!

అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వ్యాసంగా వ్రాసి ఫిజికల్ సొసైటీకి పంపగా, వారు స్వీకరించలేదు. ఆయన మోటారు కార్ల నిర్మాణంలో మునిగిపోయాడు. ఆ రంగంలోను ఘనుడనిపించుకొన్నాడు. 1907, 1908 సంవత్సరాలలో గాని ఆయన విమానశాస్త్ర గ్రంథాలు రెండూ వెలువడలేదు. అవి కూడా పాఠకులకు సులభంగా కొరుకుడు పడలేదు. గణితంలో కంటె బొమ్మలలో ఆలోచించే స్వభావం ఆయనది. మాటలు కూడా సొంతంగా కల్పించేవాడు. విమానం నెమ్మదిగా లేస్తూ పడుతూ సాగే గమనానికి గ్రీకు నుంచి ఫ్యూగాయిడ్ అని పేరు పెట్టాడు. ఆ ధాతువుకు అర్థం ఎగరడం కాదు, పారిపోవడం! ఇంగ్లీషులో రెండింటికీ ఫ్లైట్ అనే మాట ఒక్కటే కావడంతో వచ్చిన పొరపాటిది. అయినా ఆ పేరే నేటికీ నిలిచిపోయింది.

1908లో లాంచెస్టర్ జర్మనీలోని గాటింగెన్ వెళ్ళి ప్రాంటెల్ అనే ఆచార్యుని కలిశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. గణితాచార్యుడు కార్ల్ రుంగే నడుమ నిలిచి దుబాసీ పని చేశాడు. భార్యతో కలిసి లాంచెస్టర్ గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదించాడు కూడా. పిమ్మట ప్రాంటెల్ బృందం అటువంటి భావాన్నే గణితరూపంలో నిలబెట్టింది. నేడు ఆ సిద్ధాంతం ఇద్దరి పేర్లతోను పిలువబడుతున్నది.

1922లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గౌరవించింది. చివరి దశ మాత్రం వ్యాధితో, ఆర్థికమైన ఇబ్బందులతో గడిచింది. 1946 మార్చి 8న బర్మింగ్‌హాంలో కన్నుమూశాడు. ముప్పది ఏళ్ళ పిదప, 1976లో, అమెరికాలో రిచర్డ్ విట్‌కూంబ్ పైకి తిరిగిన కొనల ప్రయోజనాన్ని పరిశోధనలతో నిరూపించాడు.

చిన్న తేలికపాటి విమానాలకు ఏ కొన తగునన్న మీమాంస నేటికీ ఉన్నది. కొందరు వంచుతారు, కొందరు ఎత్తుతారు, కొందరు వాలుగా కోస్తారు. మెల్లగా పైకెక్కేటప్పుడు కలిగే లాభం, వేగంగా పోయేటప్పుడు ఒరిపిడివల్లను బరువువల్లను కరిగిపోవచ్చు. అందుచేత ఏ మార్పైనా కొలిచి చూడనిదే ఎన్నుకోరాదు.

ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే వినిపించే మన కళాశాలకు ఈ చరిత్ర రెండు మాటలు చెబుతున్నదని మా భావన. సత్యాన్ని కనుగొన్న విద్యార్థి దానిని ఇతరులకు తెలిసే భాషలో చెప్పడం నేర్వాలి. వినవలసిన పెద్దలు, చెప్పినవానికి పట్టా ఉన్నదా అని కాక, చెప్పినదానిలో సత్యమున్నదా అని చూడాలి. ఈ రెండూ లోపించినందువల్లనే ఒక మంచి భావం ఇన్ని ఏండ్లు వేచి ఉండవలసి వచ్చింది.