ఆటస్థలమునకు పిలువబడిన సేవకుడు
(ఆమోస్ అలాంజో స్టాగ్ గారి జీవితము)

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 4:10-17, కీర్తన 71, 1 కొరింథీయులకు 9:24-27

తాను నోటి మాంద్యము గలవాడనని మోషే దేవునితో మొరపెట్టుకొనిన సంగతి మన చదువరులందరు ఎరిగినదే. ఈ నెల మేము అట్టి మరియొక మనుష్యుని గూర్చి వ్రాయుచున్నాము. ఆయన పాదిరి కాలేదు, మిషనెరీగా సముద్రము దాటలేదు. డెబ్బది సంవత్సరములు అమెరికా కళాశాలల పిల్లలకు బంతి ఆట నేర్పెను. బంతి ఆటకును సంఘపత్రికకును ఏమి పొత్తు అని పెద్దలు అడుగవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. ఆయన చరిత్ర చదివిన పిమ్మట మా తలంపు మారినది.

ఆమోస్ అలాంజో స్టాగ్ 1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రములోని వెస్ట్ ఆరెంజ్ అను ఊరిలో పుట్టెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. ఎనిమిదిమంది బిడ్డలున్న ఆ యింట రొట్టె చాలినంత ఉండెడిది కాదు. వేసవిలో తండ్రితో కూడ గడ్డి కోతకు పోయి, చలికాలమున చిల్లర పనులు చేసి, బాలుడు చదువుకొనెను. ప్రెస్బిటేరియన్ సంఘపు ఆదివారపు బడిలో అతని హృదయము ప్రభువు తట్టు తిరిగెను, పాదిరి కావలెనను కోరిక పుట్టెను. ఆ కోరికతోనే ఎక్సెటర్ అను ఊరి పాఠశాలకును, అటుపిమ్మట యేల్ విశ్వవిద్యాలయమునకును వెళ్లెను. చేతిలో డబ్బు లేదు. నిప్పు లేని అటకగదిలో పండుకొని, చవక బిస్కత్తులును నిలువ రొట్టెయు తిని దినములు గడిపెను. మన పల్లెలనుండి పట్నమునకు పోయి హాస్టలులో చోటు దొరకక చదివిన పిల్లలకు ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

యేల్‌లో ఆయన బేస్‌బాల్ ఆటలో బంతి విసరుటయందు దేశమంతట పేరు పొందెను. డబ్బు కొరకు ఆడు జట్లవారు వచ్చి, పేదవాడు కలలోనైన చూడని జీతము ఇచ్చెదమనిరి. ఆ ఆటస్థలములలో సారా అంగళ్లు ఉండుట ఆయనకు నచ్చలేదు. పైగా తాను సేవకు వేరుపరచబడినవాడనని నమ్మెను. కాబట్టి వద్దని చెప్పి, యేల్‌లోనే దైవశాస్త్ర పాఠశాలలో చేరెను. 1888లో ఆయన ఆడిన యేల్ ఫుట్‌బాల్ జట్టు పదమూడు ఆటలు ఆడి, 698 పాయింట్లు చేసి, ఎదుటివారికి ఒక్క పాయింటైనను ఇయ్యలేదు.

ఇక్కడనే ఆయనకు గొప్ప శోధన వచ్చినది. ఆటస్థలములో సింహమువంటివాడు ప్రసంగవేదిక ఎక్కగానే మూగవానివలె ఆయెను. మాట తడబడెడిది, వినువారు కదలెడివారు కారు. ఎంత ప్రయాసపడినను మార్పు కలుగలేదు. చిన్ననాటినుండి కోరిన పరిచర్యకు తాను తగనని తెలిసికొనుట ఎంత దుఃఖకరమో ఆలోచించుడి. కొందరు ఈ స్థితిలో దేవునిమీద సణుగుదురు, కొందరు చేతకాకపోయినను పదవిని పట్టుకొని సంఘమును విసిగింతురు. స్టాగ్ ఈ రెండును చేయలేదు. మోషే చేతిలో కఱ్ఱ ఉండినట్లు తన చేతిలో ఏమున్నదని చూచుకొనెను. బంతి ఉన్నది. యౌవనస్థులను ఆట ద్వారా క్రమశిక్షణకును, శుద్ధమైన జీవితమునకును నడిపించుటయే తన పరిచర్య అని తీర్మానించుకొని 1890లో దైవశాస్త్ర పాఠశాల విడిచిపెట్టెను.

వెంటనే స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్లెను. అక్కడ ఆయన జట్టులో ఆడిన జేమ్స్ నైస్మిత్ అనునతడు 1891 డిసెంబరులో బుట్టలో బంతి వేయు బాస్కెట్‌బాల్ ఆటను కనుగొనెను. నేడు మన మిషను హైస్కూళ్ల ఆవరణలలో పిల్లలు ఆడుచున్నది ఆ ఆటయే.

యేల్‌లో ఆయనకు గురువుగానుండిన విలియం రెయినీ హార్పర్ అను హెబ్రీ పండితుడు అప్పుడు చికాగోలో క్రొత్త విశ్వవిద్యాలయమును స్థాపించుచుండెను. బాప్తిస్టు సంఘమువారి ఆధ్వర్యమున, రాక్‌ఫెల్లర్ గారి ధనముతో లేచిన విద్యాలయమది. హార్పర్ తన శిష్యుని పిలిచి, ఆటల శాఖకు అధిపతిగా, ఇతర పండితులతో సమానమైన స్థిరోద్యోగముతో నియమించెను. ఆటలు నేర్పువానికి అట్టి గౌరవము అంతకుముందు ఎవరును ఇచ్చియుండలేదు.

ఈ ఆటను గూర్చి ఒక మాట. మన పిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాల్ ఇది కాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా ఉండును. దానిని చంకనబెట్టుకొని పరుగెత్తువానిని ఎదుటివారు పదునొకండుగురు చెడుగుడులో పట్టినట్లు పట్టి పడవేయుదురు. సెప్టెంబరు చివరనుండి నవంబరు చివరవరకు, అనగా మన వరి పొట్టకట్టిన దినములు మొదలు కోతలవరకు, ప్రతి శనివారము ఒక ఆట. ఈ రెండు మాసములే ఆ జట్టునకు సంవత్సరము.

1892 అక్టోబరు 1న విశ్వవిద్యాలయము తెరచిరి. ఆ దినముననే స్టాగ్ పిల్లలను పోగుచేసి సాధన మొదలుపెట్టెను. వచ్చినవారు కొద్దిమంది. జట్టు నిండక, ముప్పది యేండ్ల గురువు తానే అంగీ తొడిగి వారితో కూడ ఆడెను. ఆ కాలపు నిబంధనలు దానికి అడ్డు చెప్పలేదు. మొదట ఆడినది హైస్కూలు పిల్లలతో. పెద్ద కళాశాలలతో తలపడినప్పుడు ఓటములే ఎక్కువ. అయినను 1894లో ఈ జట్టు రైలెక్కి కాలిఫోర్నియా వరకు పోయి, క్రిస్మస్ దినమున శాన్ ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ జట్టును 24-4 పాయింట్లతో గెలిచెను. క్రిస్మస్ దినమున బంతి ఆట ఏమిటని మాకు కొంచెము కష్టముగానే తోచినది. ఆ సంవత్సరమే ఆయన స్టెల్లా రాబర్ట్‌సన్ అను విద్యార్థినిని వివాహమాడెను.

1899లో జట్టు ఒక్క ఆటయు ఓడలేదు. అయితే చికాగోవారు నేటికిని చెప్పుకొనునది 1905వ సంవత్సరము. మిషిగన్ విశ్వవిద్యాలయపు జట్టు 56 ఆటలుగా ఓటమి ఎరుగక వచ్చుచుండెను. నవంబరు 30న, కృతజ్ఞతార్పణ దినమున, ఇరువది వేలకు మించిన జనము చూచుచుండగా ఈ రెండు జట్లు తలపడెను. ఆట మొత్తములో లెక్కకు వచ్చినవి రెండే పాయింట్లు. మిషిగన్ బాలుడొకడు తమ గీత వెనుక బంతి పట్టుకొని ముందుకు రాబోగా, చికాగోవారు వానిని వెనుకకు నెట్టి పడవేసిరి. 2-0. ఆ సంవత్సరమంతటిలో చికాగో ఎదుటివారికి ఇచ్చినవి 5 పాయింట్లు మాత్రమే. గెలిచినవారి సంతోషము అట్లుండగా, ఆ మిషిగన్ బాలుని పత్రికలు కనికరము లేక నిందించెను. ఒక్క క్షణపు పొరపాటు నొకని మెడకు కట్టి త్రిప్పుట మనుష్యులకు ఎంత సుళువో.

ఆ యేడే మరియొక నీడయు పడెను. దేశమంతట ఈ మోటు ఆటలో ఆ ఒక్క కాలమున సుమారు 18 మంది ప్రాణములు పోయెను. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ కళాశాలల పెద్దలను పిలిపించి హెచ్చరించెను. కొన్ని కళాశాలలు ఆటనే మానివేసినవి. నియమములు దిద్దు సంఘములో స్టాగ్ సభ్యుడు. 1906లో నియమములు మార్చి, బంతిని ముందుకు విసరుటకు సెలవిచ్చిరి. గుంపుగా ఒకరినొకరు త్రొక్కుకొనుట తగ్గి, ఆట విశాలమాయెను. ఈ క్రొత్త పద్ధతిని అందరికంటె ముందుగా నేర్చుకొనినవారిలో స్టాగ్ ఒకడు. చికాగోవారు ఆటల సంఖ్యను ఐదుకు తగ్గించిరి. 1908లో ఒక్క ఓటమి లేదు. 1913లో ఏడు ఆటలు ఆడి ఏడును గెలిచిరి. ఆటస్థలమునకు స్టాగ్ ఫీల్డ్ అని పేరు పెట్టిరి. పడమటి రాష్ట్రముల పెద్ద విశ్వవిద్యాలయముల కూటమిలో ఆయన జట్టు ఏడు మారులు ప్రథమస్థానము పొందెను.

ఆయన పొగత్రాగలేదు, మద్యము ముట్టలేదు, బూతు పలుకలేదు. మిక్కిలి కోపము వచ్చినప్పుడు పిల్లవానిని గాడిద అనెడివాడు. ఇంకను కోపము వచ్చిన యెడల వాడు రెండింతల గాడిద. శిష్యులు ముసలివారైన తరువాత కూడ, తాము ఎన్ని మారులు గాడిదలైరో చెప్పుకొని నవ్వెడివారు. అయితే ఆయనయందు తప్పు లేదని మేము చెప్పము. మంచి ఆటగాండ్రు చదువులో వెనుకబడినను విశ్వవిద్యాలయము చూచిచూడనట్లు ఊరకుండెననియు, గెలుపు మోజులో హార్పర్‌తో కూడ స్టాగ్ సైతము కొంత కొట్టుకొనిపోయెననియు ఆ విద్యాలయ చరిత్రను పరిశోధించినవారు వ్రాసియున్నారు. భక్తుల చరిత్రలో దావీదు తప్పును దాచని బైబిలు మన చేతిలో నుండగా మనమేల దాచవలెను?

1924లో చివరి మారు ప్రథమస్థానము దక్కెను. అటుతరువాత సంవత్సరములు బరువెక్కినవి. చుట్టుప్రక్కల రాష్ట్రముల విద్యాలయములు వేలాది విద్యార్థులతో పెరిగెను. చికాగోలో పుస్తకములకే పెద్దపీట. 1926లో రెండు గెలుపులు, ఆరు ఓటములు. 1928లో రెండు గెలుపులు, ఏడు ఓటములు. ఆయన 41వ కాలమైన 1932లో మూడు గెలుపులు, నాలుగు ఓటములు, ఒకటి సమము. డెబ్బది యేండ్లు నిండినవారు విరమింపవలెనని విద్యాలయపు నియమము. వేరొక పని యిచ్చి జీతముతో కూర్చుండబెట్టెదమనిరి. తనను దేవుడు పిలిచినది పిల్లల మధ్యకే గాని కుర్చీకి కాదని ఆయన దానిని నిరాకరించెను.

డెబ్బది యేండ్ల వృద్ధుడు, నలువది యేండ్లు కట్టిన ఇల్లు విడిచి, ఎక్కడికి పోవును? కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణమున మెథడిస్టులు స్థాపించిన పసిఫిక్ కళాశాల అను చిన్న విద్యాలయము ఆయనను పిలిచెను. 1933లో భార్యాభర్తలు అక్కడికి తరలిరి. డబ్బు తక్కువ, ఆటగాండ్రు తక్కువ. స్టెల్లమ్మగారు ఎదుటి జట్ల ఆటలకు వెళ్లి చూచి, వారు బంతిని ఎట్లు నడుపుచున్నారో కాగితముమీద గీచి తెచ్చెడిది. పదునాలుగు సంవత్సరములలో అక్కడ 60 గెలుపులు, 77 ఓటములు, 7 సమములు. గెలుపులకంటె ఓటములు మించిన లెక్క ఇది. చికాగోలో 240కి మించి గెలిచిన మనుష్యుడు ఈ లెక్కను ప్రతి సంవత్సరము చూచుకొనుచు, మరుసటి సెప్టెంబరులో మరల ఆటస్థలములో దిగుచుండెను.

1938 నవంబరులో ఆయన తన చిన్న కళాశాల పిల్లలను వెంటబెట్టుకొని చికాగోకు వచ్చెను. తన పేరు పెట్టిన ఆటస్థలములో, తాను కట్టిన జట్టునకు ఎదురుగా నిలుచుండెను. పసిఫిక్ 32, చికాగో 0. ఆ దినమున ఆయన మనస్సు ఎట్లుండెనో! మరుసటి సంవత్సరము అదే ఆటస్థలములో మిషిగన్ జట్టు చికాగోను 85-0తో ఓడించెను. డిసెంబరులో విశ్వవిద్యాలయము ఆ ఆటనే ఎత్తివేసెను. (మరల 1969లో చిన్న యెత్తున మొదలుపెట్టిరి.) 1942 డిసెంబరు 2న ఆ స్టాగ్ ఫీల్డు పడమటి మెట్ల క్రింద ఖాళీగా నుండిన గదిలో ఎన్రికో ఫెర్మీ మొదలగు శాస్త్రజ్ఞులు అణుశక్తిని మొదటి మారు అదుపులో మండించిరి. పిల్లలు పరుగెత్తిన చోట హిరోషిమా దారి తెరచుకొనెను. నేడు అక్కడ గ్రంథాలయము ఉన్నది.

యుద్ధదినములలో నౌకాదళపు శిక్షణకు వచ్చిన యువకులు పసిఫిక్ కళాశాలలో చేరిరి. 1943లో వారితో ఆయన ఏడు ఆటలు గెలిచి రెండే ఓడెను. ఎనుబదియొక్క యేండ్ల ఆయనను తోడి శిక్షకులు ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకునిగా ఎన్నుకొనిరి. మూడేండ్లకు ఇక్కడను సలహాదారుడవుగా ఉండుమనిరి. ఆయన మరల కుర్చీని కాదని, పెన్సిల్వేనియాలో సస్క్వెహాన్నా విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా నున్న తన కుమారునికి సహాయకుడుగా వెళ్లెను. ఆ విద్యాలయము 1858లో సువార్త సేవకులను సిద్ధపరచుటకు అమెరికా లూథరన్లు స్థాపించినది. 1842లో గుంటూరునకు హయ్యరు అయ్యగారిని పంపినవారును అమెరికా లూథరన్లే గనుక మన ఆంధ్ర లూథరన్ కుటుంబములకు అది పరాయి యిల్లు కాదు. అక్కడ 1951లో తండ్రీకుమారుల జట్టు ఓటమి లేక కాలము ముగించెను.

భార్యకు ఆరోగ్యము తగ్గగా ఆయన స్టాక్టన్‌కు తిరిగివచ్చి, ఆ ఊరి జూనియరు కళాశాలలో పిల్లలకు బంతి తన్నుట నేర్పుచుండెను. 1960లో, తొంబది యెనిమిదవ యేట, ఇక చాలునని చెప్పెను. ఆయన 314 గెలుపుల లెక్కను 1981 వరకు పెద్ద కళాశాలల శిక్షకులలో ఎవరును దాటలేదు. స్టెల్లమ్మగారు 1964లో ప్రభువునందు నిద్రించెను. మరుసటి సంవత్సరము మార్చి 17న, 102 యేండ్ల వయస్సున, ఆయన స్టాక్టన్‌లోనే కన్నుమూసెను.