వజ్రానికి తుప్పు పట్టదు.. మరి ఇంజన్‌కి? రోల్స్ రాయిస్ ఆర్డర్ ఇచ్చి, ఎక్కకుండానే కన్నుమూసిన ఆరో నిజాం కథ

ఎర్రమంచి (పెనుకొండ): బెంగళూరు హైవే మీద పెనుకొండ దాటుతుంటే పక్కనే కనిపించే కియా ఫ్యాక్టరీ అందరికీ తెలిసిందే. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సత్తా ఉన్న ప్లాంట్ అది. 2019 ఆగస్టులో సెల్టోస్ ఇక్కడి నుంచే మార్కెట్‌లోకి వచ్చింది. కానీ ఒకప్పుడు తెలుగు నేల మీద కారు అంటే సముద్రం దాటి రావాల్సిందే. అలా వచ్చిన కార్లలో ఒకటి ఇప్పటికీ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దాన్ని ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. జనం ముద్దుగా పిలుచుకున్న పేరు మహబూబ్ అలీ పాషా.

అన్నట్టు మన పెనుకొండకీ నిజాంలకీ పాత లింక్ ఉంది. టిప్పు సుల్తాన్ ఓడిపోయాక ఈ ప్రాంతం నిజాం చేతికి వచ్చింది. 1800లో అప్పటి నిజాం దీన్ని ఇంగ్లీషు వాళ్లకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అనే పేరు అలా వచ్చిందే. ఆ వంశంలో తర్వాతి తరాల వాడే మహబూబ్ అలీ పాషా.

రెండున్నరేళ్లకే సింహాసనం

1866 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి పోవడంతో 1869 ఫిబ్రవరిలో, అంటే రెండున్నరేళ్ల వయసులోనే నిజాం అయ్యారు. పిల్లాడి పేరు మీద రాజ్యం నడిపించింది దివాన్ మొదటి సాలార్ జంగ్. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. అప్పటికి ఈ రాజుగారికి ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు చదువు, యూరప్ దుస్తులు, కొత్త కొత్త యంత్రాలు.. ఇవన్నీ చూస్తూ పెరిగారు.

1883లో సాలార్ జంగ్ కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరిలో వైస్రాయ్ లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి పాషాకి ఇంకా 18 కూడా నిండలేదు.

బట్టల బీరువా ఓ వీధంత!

పాషా విలాసాల గురించి చెప్పాలంటే పురానీ హవేలీకి వెళ్లాలి. అక్కడ ఆయన బట్టల గది ఇప్పటికీ ఉంది. పొడవు దాదాపు 240 అడుగులు. ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవారు కాదని చెప్పుకుంటారు.

జాకబ్ వజ్రం కథ కూడా ఈయనదే. 1891లో ఈ వజ్రం గొడవ కోర్టు దాకా వెళ్లింది. ఆ చికాకుతోనో ఏమో, ఆయన దాన్ని పక్కన పడేశారు. తండ్రి పోయాక, పాత బూటు ముందు భాగంలో అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి దొరికిందని చెబుతారు. ఆయన దాన్ని పేపర్ వెయిట్‌గా వాడుకున్నారు. 184 క్యారట్లకి పైగా ఉన్న ఆ వజ్రాన్ని 1995లో నిజాం నగలతో పాటు కేంద్ర ప్రభుత్వం కొనేసింది.

పాము కరిస్తే పాషా పేరు

ఇదంతా చూసి ఆయన్ని జల్సా రాజు అనుకుంటే పొరపాటే. పాము కాటుకి ఆయన మంత్రం వేస్తే తగ్గిపోతుందని జనం గట్టిగా నమ్మేవారు. అర్ధరాత్రి అయినా సరే లేపమని సిబ్బందికి చెప్పి పెట్టారట. నమ్మకం సంగతి పక్కన పెడితే, సామాన్యుడు రాజుని నిద్ర లేపొచ్చు అనే మాట అయితే ఊళ్లలోకి వెళ్లింది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది కొట్టుకుపోయారు. అప్పుడు పాషా ప్యాలెస్ తలుపులు బాధితుల కోసం తెరిపించారు. పండితులు చెప్పినట్టు నది దగ్గరికి వెళ్లి, పసుపు కుంకుమలతో శాంతి పూజ చేశారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆర్డర్ ఇచ్చారు.. కారు రాలేదు

1911లో పాషా రోల్స్ రాయిస్‌కి ఆర్డర్ ఇచ్చారు. అప్పట్లో కంపెనీ ఇచ్చేది ఇంజన్, చాసిస్ మాత్రమే. బాడీ వేరే వాళ్లు కట్టాలి. ఈ బండికి లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక ఎత్తయిన సింహాసనం లాంటి సీటు, పైన గుమ్మటం. అందుకే దీన్ని థ్రోన్ కార్ అంటారు.

కానీ బండి చేతికి రాకముందే, 1911 ఆగస్టు 29న పాషా ఫలక్‌నుమా ప్యాలెస్‌లో చనిపోయారు. వయసు 45. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఇంటికి చేరింది. ఆయన పొదుపు గురించి తెలిసిందే కదా. ప్రత్యేక సందర్భాల్లో తప్ప బయటికి తీయలేదు. ఇన్ని దశాబ్దాల్లో అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే పెనుకొండ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి కూడా చాలదు!

బానెట్ కింద ఏముంది?

సిల్వర్ ఘోస్ట్ ఇంజన్ ఆరు సిలిండర్లది. మూడేసి సిలిండర్లని ఒక్కో బ్లాక్‌గా పోతపోసి, రెండు బ్లాకులు పక్కపక్కన పెట్టారు. సైజు 7,428 సీసీ. ఇవాళ్టి సెల్టోస్ 1.5 లీటర్ ఇంజన్‌తో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు. ఒక్కో సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. సెల్ఫ్ స్టార్టర్ లేదు. పాత లారీల్లాగా ముందు హ్యాండిల్ తిప్పాల్సిందే. అయినా నడుస్తుంటే శబ్దం వినపడదు. ఘోస్ట్ అనే పేరు అందుకే.

1926 వరకు ఇంగ్లండ్, అమెరికాల్లో కలిపి 7,874 సిల్వర్ ఘోస్టులు తయారయ్యాయి. అంతకుముందు ఇదే కంపెనీ 1905లో వీ8 ఇంజన్ కార్లు మూడు చేస్తే, ఇప్పుడు ఒక్కటీ లేదు. మూడు సిలిండర్ల మోడల్ ఆరు చేస్తే, మిగిలింది ఒక్కటే. అంత పేరున్న కంపెనీ ఇంజన్లకే ఈ గతి.

వాడకపోతే ఇంజన్ బాగుంటుందని చాలా మంది అనుకుంటారు. నిజానికి నిలబెట్టిన బండికే ముప్పు ఎక్కువ. నీళ్లు తిరిగే దారుల్లో తుప్పు పడుతుంది. పెట్రోల్ జిగురులా గడ్డ కడుతుంది. మ్యాగ్నెటో కాయిల్ మీది పూత రాలిపోతుంది. పిస్టన్ పట్టేస్తుంది. బ్లాక్ ఒక్కసారి పగిలితే, వందేళ్ల కిందటి స్పేర్ పార్ట్ ఏ షాపులోనూ దొరకదు. వజ్రాన్ని బూటులో పడేసినా వజ్రమే. ఇంజన్‌కి మాత్రం ఎవరో ఒకరు ఆయిల్ మార్చుతూ ఉండాలి.

1967లో ఏడో నిజాం పోయాక ప్యాలెస్‌లు చాలా కాలం ఆలనా పాలనా లేకుండా పడి ఉన్నాయి. తర్వాత ప్రిన్సెస్ ఎస్రా చొరవతో చౌమహల్లా బాగుపడింది. 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. థ్రోన్ కార్ కూడా అలాగే బతికి బయటపడింది. ఇప్పుడు టికెట్ కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉందా?

తాతగారి అంబాసిడరో, ఫియటో షెడ్డులో ఉంటే పాత ఇనుము రేటుకి అమ్మేసే ముందు ఒక్క విషయం తెలుసుకోండి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద వీఏ సిరీస్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021లో రూల్స్ తెచ్చింది. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా ఒరిజినల్‌గా ఉండాలి. రోజూ తిరగడానికి మాత్రం కుదరదు. షోలు, ర్యాలీల లాంటి వాటికే. కాబట్టి పాత ఇంజన్ పీకేసి కొత్తది బిగించాలనుకునే వాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. పీకేసిన ఆ ఇంజన్‌తో పాటే బండి విలువ కూడా పోతుంది.