కళాశాలకు తిరిగివచ్చిన పడవ పందెగాడు

విద్యాలయమునకు పూర్వ విద్యార్థి తీర్చవలసిన ఋణమేదని యోచించినపుడు మాకు స్టీవ్ ఫెయిర్‌బెయిర్న్ జీవితము స్ఫురించినది. ఆయన 1862లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో జన్మించి, జీలాంగ్ గ్రామర్ పాఠశాలలో చదివి, 1881లో కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చేరారు. ఆక్స్‌ఫర్డ్‌తో జరిగే పడవ పందెములో 1882, 1883, 1886, 1887 సంవత్సరములలో కేంబ్రిడ్జి పక్షాన తెడ్డు వేశారు.

అనంతరము స్వదేశమునకు మరలినా, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇంగ్లండుకు తిరిగివచ్చి, తాము చదివిన కళాశాల విద్యార్థులకే శిక్షకులయ్యారు. నాటి శిక్షకులు పడవ నడిపేవారి వీపు నిటారుగా ఉన్నదా, భంగిమ చూడముచ్చటగా ఉన్నదా అని పరీక్షించేవారు. ఫెయిర్‌బెయిర్న్ మాత్రము తెడ్డు నీటిలో చేయు పనిని, దానికి తోడ్పడు కాళ్ళ బలమును గమనించమన్నారు. పాత పద్ధతివారు తీవ్రముగా ఆక్షేపించినా ఆయన వెనుదీయలేదు. శీతకాలములోనూ సుదీర్ఘ సాధన సాగవలెనని, 1926లో థేమ్స్ నదిపై హెడ్ ఆఫ్ ది రివర్ పందెమును నెలకొల్పారు.

1938లో ఆయన మరణించగా, చితాభస్మమును జీసస్ కళాశాల ప్రార్థనామందిరము చెంతనే ఉంచారు.

విరాళములిచ్చు పూర్వ విద్యార్థులు ధన్యులే. కాని తిరిగివచ్చి, తమ కాలమును, అనుభవమును తమ్ములకు, చెల్లెండ్రకు పంచువారు అరుదు. ఈ ఏడు మన కళాశాల గడప దాటు సోదర సోదరీమణులు ఈ మాట మరువరాదని మా మనవి.