చెరోకీ జాతి పెద్దదిక్కు నాన్సీ వార్డ్

ఇంటికి పెద్దదిక్కు ఎట్టిదో జాతికిని అట్టిదే. అమెరికా ఆదివాసులైన చెరోకీలకు అట్టి పెద్దదిక్కు నాన్సీ వార్డ్. నాన్యేహి యను నీమె 1738 ప్రాంతమున, నేటి టెనెస్సీ రాష్ట్రమందలి చోటా గ్రామమున జన్మించెను. 1755లో క్రీకు జాతితో జరిగిన తాలివా యుద్ధమున భర్త నేలకొరుగగా, ఆయన తుపాకి నందుకొని పోరాడెను. అందులకు జాతి ఆమెకు ‘ప్రియవనిత’ యను బిరుదు నొసగెను. దానితో పెద్దల సభలో మాట్లాడు హక్కును, బందీలకు ప్రాణభిక్ష పెట్టు అధికారమును ఆమెకు లభించెను. 1776లో దహనమునకు సిద్ధపరచిన లిడియా బీన్ అను తెల్లజాతి స్త్రీని ఆమెయే విడిపించెను. 1781 సంధి చర్చలో తల్లుల పక్షమున శాంతి కోరెను.

1817 నాటికి వృద్ధురాలై సభకు పోలేక, సందేశము పంపి, ఇక నేల వదలుకొనవద్దనియు, ఉన్న పొలములు సాగుచేసికొనుడనియు తన బిడ్డలకు హితవు చెప్పెను. అయినను 1819 ఒడంబడికతో మఱికొంత నేల చేజారెను. 1822 ప్రాంతమున ఆమె కన్నుమూసెను. 1838లో ప్రభుత్వము చెరోకీలను పడమటికి వెడలగొట్టగా వేలకొలది జనులు మరణించిరి.

నేటికిని తూర్పు చెరోకీలు సేవాపరులైన స్త్రీలకు ఆ బిరుదు నొసగుచున్నారు. పిల్లలకు మాతృభాష నేర్పుటకును పెద్దలే ఆధారము. పెద్దల మాట చద్దిమూట యని మన సామెత. నేల పోయినను ఆమె మాట పోలేదు.