పాటకు బొమ్మ తోడైన కథ

మా యూనియన్ గోడపత్రికకు బొమ్మలు వేసేవాణ్ణి నేను. అందుకేనేమో, ఫేలా అనికులాపో కూతీ పాట వినకముందే ఆయన రికార్డు అట్ట మీది బొమ్మ నన్ను పట్టేసింది. తెగిన సంకెలతో వొక మనిషి చిందులేస్తున్నాడు. పక్కన పోలీసుల పడవను తిమింగలం బోల్తా కొట్టిస్తోంది. ఆ బొమ్మ అర్థం కావాలంటే ఆ మనిషి జీవితం తెలియాలి గదా!

ఫేలా 1938లో నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టాడు. తల్లి ఫున్మిలాయో అన్యాయపు పన్నుల మీద బజారు స్త్రీలను కూడగట్టి పోరాడిన నాయకురాలు. 1958లో వైద్యం చదవమని లండన్ పంపిస్తే, కొడుకు వెళ్లి సంగీత కళాశాలలో చేరాడు. 1969లో అమెరికాలో నల్లవారి వుద్యమం చూశాక అతని పాట దారి మారింది. జాజ్, హైలైఫ్, యొరూబా తాళాలు కలిపి ఆఫ్రోబీట్ కట్టాడు. బజారులో నలుగురికీ తెలిసే పిడ్జిన్ ఇంగ్లీషులో పాలకులను కడిగిపారేశాడు.

1974లో జైలు అనుభవం మీద 'అలాగ్బన్ క్లోజ్' పాడాడు. నేను చూసిన అట్ట దానిదే. వేసినవాడు లెమి గరియోక్వు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకున్నవాడు కాదు. పాట రికార్డు కాకముందే వేదిక దగ్గర విని, తనకు తోచింది గీసేవాడు. అలా మొత్తం ఇరవయ్యారు అట్టలు వేశాడు. చిత్రశాల గడప తొక్కని జనం ఇళ్లలోకి, రికార్డుతో పాటు బొమ్మ కూడా వెళ్లింది. పాటలోని వెటకారం, తెగువ రంగుల్లోకి దిగాయి.

దానికి చెల్లించిన మూల్యం మాత్రం తక్కువ కాదు. సైనికుల గుడ్డి విధేయతను 'జాంబీ' పాట వెక్కిరించింది. 1977 ఫిబ్రవరి 18న సైనికులు ఫేలా ఇంటిమీద పడి తగలబెట్టారు. తల్లిని కిటికీలోంచి తోసేశారు. మరుసటేడు ఆమె కన్నుమూసింది. 1979లో ఫేలా వొక శవపేటికను సైనిక పాలకుల గుమ్మం ముందు దింపి వచ్చాడు. 1984లో మళ్లీ జైలు, 1986లో విడుదల. అయినా వెనక్కి తగ్గలేదు. 1989 నాటి అట్ట మీద రీగన్‌కూ, థాచర్‌కూ, బోథాకూ లెమి కొమ్ములు మొలిపించాడు.

ఫేలాను దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. 1978లో వొకేసారి ఇరవయ్యేడుగురిని పెళ్లాడాడు. స్త్రీలను తక్కువచేసి పాడాడు కూడా. అలాంటి తల్లి కడుపున పుట్టి ఆ సంగతి నేర్చుకోలేకపోయాడే అని బాధేస్తుంది. 1997 ఆగస్టు 2న ఎయిడ్స్‌తో చనిపోతే, లాగోస్ వీధులు జనంతో నిండిపోయాయి.

ఇక నా సంగతి. ఆ కుర్రాడు అంత ప్రమాదంలోనూ అట్ట మీద తన పేరు వేసుకున్నాడు. నేను మూడేళ్లుగా గోడపత్రికకు బొమ్మలు వేస్తున్నాను. వొక్కదాని కిందా సంతకం పెట్టలేదు. అందరి పనీ గదా, పేరెందుకు అనేవాణ్ణి. అది వినయం కాదు మిత్రులారా, భయం. ఈసారి బొమ్మ కింద పేరుంటుంది.