ఖురాన్‌ను బెంగాలీలోకి తెచ్చిన ‘భాయ్’ గిరీష్ చంద్ర సేన్

1881లో తూర్పు బెంగాల్‌లోని షేర్‌పూర్‌లో ఒక ప్రెస్ నుంచి ఖురాన్ బెంగాలీ అనువాదం మొదటి భాగం బయటికొచ్చింది. పుస్తకం మీద అనువాదకుడి పేరు లేదు. ముస్లిమేతరుడు ఖురాన్‌ను ముట్టుకున్నాడంటే ఎవరేమంటారో అన్న భయంతోనే ఆ పేరు వేయలేదు. కొందరు కోప్పడ్డ మాట నిజమే. కానీ అరబీ బాగా వచ్చిన మౌల్వీలు కొందరు చదివి, పని బాగుందని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఇంత మేలు చేసిన మనిషి తన పేరు దాచుకోకూడదని కోరారు. ఆ మనిషి గిరీష్ చంద్ర సేన్. బ్రహ్మసమాజం ప్రచారకుడు.

ఢాకాకు దగ్గర్లోని పాంచ్‌దోనా గ్రామంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని నర్సింగ్దీ జిల్లాలో, 1835 ప్రాంతంలో ఆయన పుట్టారు. వాళ్లది హిందూ కుటుంబం. ఆ రోజుల్లో బెంగాల్‌లో చదువుకున్న హిందూ ఇళ్లల్లో ఫార్సీ మామూలే, కచేరీ ఉద్యోగాలకు అది అక్కరకొచ్చేది. గిరీష్ కూడా చిన్నప్పుడే ఫార్సీ, సంస్కృతం నేర్చుకున్నారు. మైమెన్‌సింగ్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్ కచేరీలో నకలు గుమాస్తాగా కుదిరారు. ఆ తర్వాత అక్కడి జిల్లా స్కూల్లో పాఠాలు చెప్పారు, పత్రికలకు రాశారు. అప్పటిదాకా ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు.

1871లో ఆయన బ్రహ్మసమాజంలో చేరారు. ఆయన్ని అటు లాగింది ఇద్దరు: కేశవ చంద్ర సేన్, విజయకృష్ణ గోస్వామి.

బ్రహ్మసమాజం అంటే ఏంటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. 1828లో కలకత్తాలో రామ్మోహన్ రాయ్ పెట్టిన సమాజం ఇది. దేవుడు ఒక్కడే, విగ్రహాలు వద్దు అన్నది దాని పునాది. రామ్మోహన్‌కు అరబీ, ఫార్సీ బాగా వచ్చు. సమాజం పెట్టడానికి పాతికేళ్ల ముందే తౌహీద్ గురించి ఆయన రాసిన ‘తుహ్ఫతుల్ మువహ్హిదీన్’ ఫార్సీ పుస్తకం. దానికి ముందుమాట అరబీలో ఉంది. అంటే ఈ సమాజం పునాదుల్లో మన చదువుల పాలు కూడా ఉందన్నమాట.

అయితే మొదట్నుంచీ ఈ సమాజాన్ని ఒక ప్రశ్న వదల్లేదు. అన్ని మతాల్లోని మంచినీ తీసుకుంటామంటే, ఇంతకీ మీరెవరు? హిందువులేనా, లేక వేరే మతమా? 1866లో ఈ గొడవతోనే సమాజం మొదటిసారి చీలింది. దేవేంద్రనాథ్ ఠాగూర్ వర్గం హిందూ సమాజానికి దగ్గరగా ఉండిపోయింది. కేశవ చంద్ర సేన్ కులం, జంధ్యం వద్దంటూ కుర్రాళ్లతో విడిగా వచ్చేశారు. ఆ వర్గం పట్టుబట్టి 1872లో ఒక పెళ్లి చట్టం తెచ్చుకుంది. దాని కింద పెళ్లి చేసుకోవాలంటే తాము హిందువులం కాదు, ముస్లింలం కాదు, క్రైస్తవులం కాదు అంటూ ప్రకటన ఇవ్వాలి. ఏం కాదో చెప్పడానికి కాగితం దొరికింది కానీ, ఏమిటో చెప్పడానికి దొరకలేదు. ఆ చట్టం మన వైపుకీ వచ్చింది. 1898లో మద్రాసులో హైదరాబాద్ అమ్మాయి సరోజినీ దేవి, డాక్టర్ గోవిందరాజులు నాయుడుల పెళ్లి ఆ చట్టం కిందే జరిగింది. దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం. దాని స్థానంలోకే 1954లో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ వచ్చింది.

అన్ని మతాల సారమూ మాదే అని నోటితో అంటే సరిపోదనీ, వాటిని మూలం నుంచే చదవాలనీ కేశవ్ అనుకున్నారు. తన శిష్యుల్లో నలుగురికి నాలుగు మతాలు పంచారు. గౌర్ గోవింద రాయ్‌కి హిందూ మతం, ప్రతాప్ చంద్ర మజుందార్‌కి క్రైస్తవం, అఘోర్‌నాథ్ గుప్తాకి బౌద్ధం. ఫార్సీ వచ్చిన గిరీష్‌కి ఇస్లాం అప్పగించారు.

ఫార్సీ వస్తే అరబీ వచ్చినట్టు కాదు. 1876లో, నలభై దాటిన వయసులో, గిరీష్ లక్నో వెళ్లారు. ఎహ్సాన్ అలీ అనే వృద్ధ మౌల్వీ దగ్గర అరబీ వ్యాకరణం మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. మన ఇళ్లల్లో పిల్లలు ఏడెనిమిదేళ్లకు పట్టే పుస్తకాలను ఆయన నెరిసిన జుట్టుతో పట్టారు. తిరిగొచ్చాక కలకత్తాలో, ఢాకాలో మళ్లీ మౌల్వీల దగ్గరే చదువు సాగించారు. చదవడానికి ఖురాన్ ప్రతి కావాలి కదా, అదే దొరకలేదు. ముస్లిం కానివాడికి అమ్మడానికి దుకాణాల వాళ్లు ఒప్పుకునేవారు కాదు. చివరికి ఒక ముస్లిం స్నేహితుడి చేత కొనిపించుకున్నారు.

ఈలోగా సమాజంలో ఇంకో ముసలం పుట్టింది. బాల్యవివాహాలు వద్దని ఊరూరా చెప్పిన కేశవ్, 1878లో పద్నాలుగేళ్లయినా నిండని తన కూతుర్ని కూచ్ బిహార్ మహారాజుకిచ్చి పెళ్లి చేశారు. ఎంత సమర్థించుకున్నా అది తప్పే. చాలామంది విసిగిపోయి బయటికెళ్లి సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకున్నారు. విజయకృష్ణ గోస్వామి వాళ్లతో వెళ్లిపోయారు. గిరీష్‌ని సమాజంలోకి తెచ్చిన ఇద్దరూ అలా చెరో వైపు అయ్యారు. గిరీష్ మాత్రం కేశవ్‌తోనే ఉండిపోయారు. 1880లో కేశవ్ తన వర్గానికి నవ విధాన్ అని పేరు పెట్టి, అన్ని మతాల కలయిక తమదేనని ప్రకటించారు. కేశవ్ ప్రచారకులను ‘భాయ్’ అని పిలిచేవారు. మన బస్తీల్లో ఆ పిలుపు వింటే ఎవరు గుర్తొస్తారో చెప్పక్కర్లేదు. బెంగాల్‌లో అది గిరీష్ పేరుకు అతుక్కుపోయింది.

ఆయన పనిని ఆ గొడవలేవీ ఆపలేదు. 1881 నుంచి 1886 దాకా, విడి భాగాలుగా ఖురాన్ మొత్తం వచ్చింది. అంతకుముందు బెంగాలీలో ఏమీ లేదని కాదు. రంగ్‌పూర్ వైపు అమీరుద్దీన్ బసునియా అనే ఆయన ఆమ్మ పారాను అప్పటికే పద్యంలో తెచ్చారు. మొదటి సూరా నుంచి చివరి సూరా దాకా, వివరణలతో సహా అందించింది మాత్రం గిరీషే. సొంత అర్థాలు అల్లకుండా, షాహ్ అబ్దుల్ ఖాదిర్ దెహ్లవీ ఉర్దూ వివరణనూ, తఫ్సీరె హుసైనీనీ పక్కన పెట్టుకుని రాశారు. 1884లో కేశవ్ చనిపోయారు. మందిరంలో ప్రసంగ పీఠం ఎవరిదని మిగిలిన శిష్యులు తగువులాడుకున్నారు. అప్పటికి గిరీష్ పని ఇంకా మిగిలే ఉంది. దాన్ని పూర్తి చేశారు.

అక్కడితో ఆగలేదు. ఫరీదుద్దీన్ అత్తార్ ‘తజ్కిరతుల్ ఔలియా’ ఆధారంగా 96 మంది వలీల జీవితాలను ‘తాపసమాల’ పేరుతో బెంగాలీలోకి తెచ్చారు. ప్రవక్త ముహమ్మద్ (స) జీవిత చరిత్ర రాశారు. మిష్కాత్ నుంచి హదీసులు అనువదించారు. మొత్తం 42 దాకా పుస్తకాలు. ‘మహిళ’ అనే మాసపత్రిక కూడా నడిపారు. బేగం రొకేయా తొలి రచనలు కొన్ని అచ్చయింది అందులోనే. పర్దా లోపల ఉన్న ఒక ముస్లిం మహిళ ఘాటుగా రాసిన వ్యాసాలకు 1903 రోజుల్లో చోటిచ్చారంటే, అది చిన్న విషయం కాదు.

ఆయన ఇస్లాం స్వీకరించారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. చివరిదాకా ఆయన బ్రహ్మసమాజీయే. ఆ సమాజం దృష్టిలో ప్రవక్తలందరూ తమవాళ్లే. అంతిమ ప్రవక్త విషయంలో ముస్లింల విశ్వాసం ఏమిటో ఆయనకు తెలుసు, ఆ తేడా అలాగే ఉండిపోయింది. అయినా బెంగాలీ ముస్లింలు ఆయన్ని మౌల్వీ గిరీష్ చంద్ర అని పిలిచేవారు.

ఆయన సమాజం పెరగలేదు. దేశం మొత్తం మీద బ్రహ్మసమాజీలు కొన్ని వేలు దాటలేదు. మన వైపు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి లాంటి పెద్దలను ఇచ్చింది కానీ జనం చేరలేదు. అందరినీ కలుపుకుంటామన్న చోటికి వచ్చి ఉండిపోయేవాళ్లు తక్కువే ఉంటారేమో. అదే సమాజం ఒక గుమాస్తాని నలభై దాటాక లక్నో పంపింది. ఆయన పుస్తకాలు సమాజం గడప దాటి లక్షల ముస్లిం ఇళ్లున్న బెంగాల్‌లోకి వెళ్లాయి.

తెలుగులోనూ ఇలాంటి కథే జరిగింది. ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చింది అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన పండితుడు చిలుకూరి నారాయణరావు. తెలుగు ముస్లింల అనువాదాలు ఆ తర్వాతే వచ్చాయి.

గిరీష్ చంద్ర సేన్ 1910 ఆగస్టు 15న ఢాకాలో కన్నుమూశారు. పాంచ్‌దోనాలో చాలాకాలం శిథిలంగా పడి ఉన్న ఆయన ఇంటిని కొన్నేళ్ల క్రితం భారత ప్రభుత్వ సాయంతో బాగు చేసి మ్యూజియంగా మార్చారు.