పింగళి నాగేంద్రరావు – గుణసుందరీకథలో రసపరిణామము

తాండ్ర పాపారాయని పేరుతో ముడివడిన రాజాములో 1901 డిసెంబరు 29వ తేదీన పింగళి నాగేంద్రరావు జన్మించెను. చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండిన ఆ యూరు 2022లో విజయనగరము జిల్లాలో చేరినది. కావున ఆయనను తమవానిగా చెప్పుకొను హక్కు ఇపుడు రెండు జిల్లాలకును కలదు.

పెరిగినది బందరులో. ఆంధ్రజాతీయ కళాశాలలో యంత్రవిద్య నేర్చి, ఖర్గపూరు రైల్వేలో కొలువు చేసెను. ద్విజేంద్రలాల్ రాయ్ వంగనాటకములు మేవాడ్ పతనము, పాషాణి తెనిగించెను. పిదప బందరు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకకర్త యయ్యెను. వింధ్యరాణి నాటకము 1948లో చలనచిత్రమైనది. అయినను ఏబది యేండ్లకు చేరువైన పిదపగాని ఆయనకు స్థిరకీర్తి లభింపలేదు.

ఆ కీర్తికి మూలము 1949లో వాహినీవారు నిర్మించిన గుణసుందరీకథ. దానికి ఆధారము షేక్స్పియరు లియరు నాటకము. దర్శకుడు కె.వి.రెడ్డికిని, కమలాకర కామేశ్వరరావునకును కథను మలచుటలో భాగము కలదు. మాటలు, పాటలు పింగళివి.

మూలమున కడగొట్టు కూతురు కార్డీలియా మరణించును. ఆమె శవముపై తండ్రి ప్రాణములు విడుచును. ఇచ్చట గుణసుందరి బ్రదుకుటయే గాక, శాపగ్రస్తుడైన భర్తను నిజరూపముతో పొందును. మూలమునకు ద్రోహము జరిగినదను ఆక్షేపము దీనివలననే పుట్టును. ఆంగ్లదేశముననే 1681లో నాహమ్ టేట్ కార్డీలియాను బ్రదికించి పెండ్లి చేసెననియు, ఆ పాఠమే నూరేండ్లకు పైగా రంగమున నిలిచెననియు ఆక్షేపకులు మరతురు.

కాని టేట్ చేసిన మార్పులలో ప్రధానమైనది ముగింపు. ఇచ్చట మారినది రసము. పునస్సమాగమమున ఆశ లేనిచో కరుణము, ఆశ యున్నచో విప్రలంభమని భరతుని విభాగము. శాపమునకు అవధి యుండును గనుక ఆశయు నుండును. భారతము ఆదిపర్వమున లేని దుర్వాసశాపమును శాకుంతలమున కాళిదాసు చేర్చుటయు ఇట్టిదే. ఎలుగుబంటి రూపమును, మహేంద్రమణియు, పార్వతీపరమేశ్వరుల అనుగ్రహమును బాలుర వినోదమునకే యనుకొనరాదు. అవి ఆ ఆశను నిలుపు సాధనములు.

బీజము మూలముననే కలదు. పెండ్లియైనచో తన ప్రేమలో సగము భర్తది యగునని కార్డీలియా తండ్రితో ననును. ఆ సగము గుణసుందరి నోట సర్వమైనది. పతిభక్తి కథ యంతయు అచటనుండియే మొలచినది.

నష్టము లేకపోలేదు. తుపానులో మతిచెడి తిరుగు ముదుసలి రాజు మహాదుఃఖము ఇందు లేదు. ఉగ్రసేనుడు కాలు విరిగి మంచము పట్టును. మణి తెచ్చినచో నయమగును. అంతటి శోకమునకు ఇది చిన్న మందు. ఈ లోపము నొప్పుకొనియే కూర్పును మెచ్చవలెను.

తరువాతి చరిత్ర లోకవిదితము. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), జగదేకవీరుని కథ (1961) ఆయన పలుకుబడితో వెలసినవి. వీనిలో మొదటిదియు కడపటిదియు గుణసుందరీకథ వేసిన అద్భుతశృంగారముల బాటనే నడచినవి. వివాహము చేసికొనని ఆ శృంగారకవి 1971 మే 6వ తేదీన కాలధర్మము చెందెను.